తాడు ఎవరు పట్టుకోవాలి?

గద్వాల: కోటలో దారి వెతుకులాట

"అక్కా, గుమ్మం బ్రహ్మాండంగా ఉంది. కానీ ఇందులోంచి వెళ్తే మాయాలోకం రాదు, కాలేజీ వస్తుంది" అన్నాడు మా తమ్ముడు కిశోర్.

వెధవ, నిజమే చెప్పాడు. గద్వాల కోట గుమ్మం చూడగానే నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఎత్తైన రాతిగోడ, ఏనుగు పట్టేంత ద్వారం. రెండడుగులు లోపలికి వేశానో లేదో, పుస్తకాలు గుండెకు హత్తుకుని పదిమంది అమ్మాయిలు ఎదురొచ్చి "జర జరుగున్రి మేడం, క్లాసున్నది" అన్నారు. నా మాయాలోకం అక్కడికక్కడే అటెండెన్సు రిజిస్టరుగా మారిపోయింది.

నేను ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. ఇరవై ఏళ్లు టీవీ సీరియళ్లు రాసి అత్తలనూ కోడళ్లనూ ఏడిపించాక నాకు ఒక సినిమా దొరికింది. పిల్లల సినిమా. ఒక అక్క, ఒక తమ్ముడు, వాళ్ల కంట అనుకోకుండా పడే మాయాలోకం. నలభై ఏడేళ్లొచ్చినా ఇలాంటి సినిమాలంటే నాకు పిచ్చి. తెరమీద ఇద్దరు పిల్లలు పోట్లాడుకుంటూ ఏ పాత గోడనో తోయగానే, అవతల ఇంకో రంగు ఆకాశం కనిపిస్తే చాలు, పక్క సీటు వాళ్ల చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కేస్తాను. ఎవరైనా సరే.

నా కథకు మూలం మా తణుకులోనే ఉంది. కొబ్బరితోట వెనక ఒక పాడుబావి. నాకు పదకొండు, కిశోర్‌కు ఎనిమిదేళ్లప్పుడు, వాడి నడుముకు తాడు కట్టి నేనే అందులోకి దింపాను. సినిమా ముగింపు కూడా అదే. తమ్ముడు బావిలోంచి మాయాలోకంలోకి దిగుతాడు, పైన అక్క తాడు పట్టుకుంటుంది. రాక్షసి బెదిరిస్తుంది, ఆశ పెడుతుంది, అరిచేతులు కోసుకుపోతాయి. అయినా అక్క వదలదు. "ఆ అక్కను నేనేనండీ" అని చెప్పినప్పుడు మా దర్శకుడి కళ్లు చెమర్చాయి. సినిమా నాకు వచ్చింది కూడా ఆ మాటతోనే.

కాగితం మీద చదివాక మాత్రం అతను పెదవి విరిచాడు. "ఎందుకో ముగింపు మనసుకు అంటడం లేదు మేడం. నాలుగు రోజులు గద్వాల, నల్లమల వైపు తిరిగి రండి. మాయాలోకానికి దారి ఎక్కడుందో చూడండి, ముగింపు సరిచేయండి. కుదరకపోతే స్టూడియోలో ఆకుపచ్చ గుడ్డ కట్టి తీసేద్దాం. ముగింపు ఇంకెవరి చేతనైనా రాయిద్దాం" అన్నాడు. నా కథ, మా బావి, ఇంకెవరో రాయడమా! కిశోర్ బ్యాంకుకు సెలవు పెట్టి కారు నడుపుతానన్నాడు. బయల్దేరేముందు కథ వాడి చేతికిచ్చాను. చదివి, కాగితాల అంచులు సరిచేసి, తిరిగిచ్చి "బాగుంది" అన్నాడు. అంతే. మామూలుగా నా సీరియల్ ఒక్క ఎపిసోడుకే అరగంట వెక్కిరించే మనిషి.

పొద్దున ఉగ్గాణి తిన్నాం. మరమరాలు నానబెట్టి పోపు వేసి, పైన పుట్నాల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. నలభై రూపాయలు. మా వైపు మరమరాలంటే సాయంత్రం కాలక్షేపం, ఇక్కడ అది కడుపు నింపే పలహారం. హోటలాయన రాయచూరు వైపు వాళ్లతో కన్నడంలో, మాతో తెలుగులో, వంటవాడితో ఉర్దూలో మాట్లాడుతున్నాడు. బజ్జీ కారానికి కిశోర్ కళ్లవెంట నీళ్లు కారుతుంటే "సార్‌కు ఇంకోటెయ్యి" అని కేకేశాడు.

తర్వాత ఒక నేతవాళ్ల ఇంటికి వెళ్లాం. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ పోగుపోగుకూ కలిపి నేయాలి కాబట్టి మగ్గం మీద ఇద్దరు కూర్చున్నారు. ఆ ఇద్దరూ అక్కాతమ్ముళ్లు! పద్మ, శేఖర్. ఇద్దరికీ నలభై దాటాయి. పద్మను ఇచ్చింది పక్క వీధికే, పొద్దున్నే వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంటుంది.

"మీరు కొట్లాడుకోరా?" అని అడిగాను.

"ఎందుకు కొట్లాడం?" అంది పద్మ. "వీనికి కోపమొచ్చిన దినం పోగు బిర్రుగ గుంజుతడు. అంచు ముడుసుకపోతది. షావుకారి సూడంగనే అడుగుతడు, ఏందమ్మా, మల్ల లొల్లయిందా అని."

నా సినిమా సంగతి చెప్పగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటను చూపించింది. "మా అమ్మ నేస్తుంటె మేమిద్దరం గీ గుంటలనే దూరుతుంటిమి. పైన దారాలు ఊగుతుంటె అది మబ్బు అనుకునేది. వీడు రాజు."

"నేను రాజునెప్పుడైన? ఎప్పుడు సూసినా నన్ను గాడిదను జేసి మీదెక్కింది" అన్నాడు శేఖర్, చెయ్యి ఆపకుండా. కిశోర్ పగలబడి నవ్వి, అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

పెద్దమందడి: పల్లీల మీద కారు

రెండో రోజు వనపర్తి. అక్కడి రాజభవనం చూసి మళ్లీ ఉబ్బితబ్బిబ్బయ్యాను, అదీ పాలిటెక్నిక్ కాలేజీయే అని తెలిసి మళ్లీ చల్లబడ్డాను. ఈ రాజులంతా కలిసి నా మీద కక్ష కట్టినట్టున్నారు. "పిల్లలు మాయ గుమ్మం తోస్తారు, లోపల సివిల్ ఇంజనీరింగ్ ఉంటుంది. కొత్తగా ఉంటుంది కదక్కా" అన్నాడు మా వాడు.

అలా వెక్కిరిస్తూనే పెద్దమందడి వైపు కారు పోనిచ్చి, ఒక మలుపు తిరగ్గానే చేయకూడని పని చేశాడు. రోడ్డు మీద సగం మేర పల్లీలు ఆరబోసి ఉన్నాయి. మా వైపు ధాన్యం ఆరబోసినా చుట్టూ రాళ్లు పెడతారు. ఇక్కడా పెట్టారట, కానీ మా మహానుభావుడు రాళ్లు తప్పించబోయి పల్లీల మీదికే ఎక్కించాడు. పటపటమని చప్పుడు.

తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ చీపురు ఎత్తుకుని పరుగున వచ్చింది. పేరు బాలమణి అని తర్వాత తెలిసింది. "కండ్లు నెత్తికెక్కినయా! పంటను తొక్కుతవా?"

కిశోర్ దిగి చేతులు జోడించాడు. డబ్బిస్తామంటే ఆవిడకు ఇంకా కోపం వచ్చింది. "పైసలెవనిక్కావాలె? కూసోని ఏరున్రి. పలిగినయి ఒక దిక్కు, మంచియి ఒక దిక్కు."

కూర్చున్నాం. గంటన్నర ఏరాం! ఆ గంటన్నరలో కోపం కరిగిపోయి, జొన్నరొట్టె, పల్లీల చట్నీ, గడ్డ పెరుగు వచ్చాయి. జొన్నరొట్టె విరిచి చట్నీలో అద్దుకుని తింటుంటే, మా గోదావరి వాళ్లం అన్నం అన్నం అని ఎందుకు కొట్టుకుంటామో అనిపించింది. బాలమణికి ఇద్దరు పిల్లలు, పదేళ్ల కూతురు, ఏడేళ్ల కొడుకు. పల్లీలు ఏరుతూనే ఒకరి కుప్పలోంచి ఒకరు దొంగిలిస్తున్నారు. ఇంతకన్నా మంచి ప్రేక్షకులు ఎక్కడ దొరుకుతారు? కథ మొదలుపెట్టాను.

రాక్షసి గొంతు పెట్టాను, మాట్లాడే కొండచిలువలా పాకాను. పిల్లలు నోళ్లు తెరిచేశారు. "ఆ లోకంల గుడ బడి ఉంటదా?" అని పిల్లాడు అడిగాడు. ఉండదంటే సంతోషంతో వాళ్లక్కను ఒక్కటి చరిచాడు. చివరికి తాడు దగ్గరికి వచ్చాను. గొంతు తగ్గించి, చేతులు వణికించి, ఊపిరి బిగబట్టి చెప్పాను. "రక్తం కారుతున్నా అక్క తాడు వదల్లేదు!"

"అంతేనా?" అంది ఆ పిల్ల.

"అంతేనా ఏమిటి?"

"ఇడువదని మాకు ముందుగాలనే తెల్సుగద" అని పల్లీలు ఏరుకోవడంలో పడిపోయింది.

దర్శకుడు పెదవి విరిస్తే ఇంత బాధ కలగలేదు. కిశోర్ వైపు చూశాను. వాడు తలెత్తకుండా పగిలిన పల్లీలు ఏరుతున్నాడు. ఈసారి కూడా వెక్కిరించలేదు.

సోమశిల: నీళ్లు దాచిన ఊరు

మూడో రోజు, కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డుకు చేరగానే నా దిగులు సగం పోయింది. అబ్బ, ఆ నీళ్లు! మా కాలువల్లో నీరు బుద్ధిగా గట్ల మధ్య పారుతుంది. ఇక్కడ కొండల మధ్య ఒళ్లు విరుచుకుని పడుకుంది. దిగువన ప్రాజెక్టు కట్టినప్పుడు పాత ఊరు మునిగిపోతుంటే గుళ్లను రాయి రాయీ విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారట. నడిచి గట్టెక్కిన గుళ్లు! ఇలాంటిది నేను రాస్తే, మరీ కల్పన అని కొట్టేసేవారు.

పడవ నడిపే నాగరాజుకు యాభై ఏళ్లుంటాయి. నీళ్ల మధ్యకు వచ్చాక ఇంజను ఆపి, తెడ్డుతో కిందికి చూపించాడు. "మనమిప్పుడు మా తాతోళ్ల వాకిట్ల ఉన్నం."

"అంటే?"

"కిందనే ఇల్లుండె. ఎండకాలం నీళ్లు దిగితె గోడలు తేల్తయి. మా ఇంటెనక బాయి ఉండె, దాని గోడ గుడ కనవడ్తది. రెండు నెలలుంటది, వానలు వడంగనే మల్ల మునుగుతది. అప్పుడు మా అక్క వస్తది వనపర్తి నుంచి. ఇద్దరం పోయి ఆ గోడ మీద కూసోని వస్తం."

ఏడాదికి రెండు నెలలు మాత్రమే కనబడే బావి! నేను పడవలో లేచి నిలబడి "దొరికింది!" అని అరిచాను. పడవ ఊగింది. కిశోర్ నా చీరకొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. "నువ్వు ఆ బావిలోకి ఇప్పుడే వెళ్తావేమో. నాకు ఈత రాదు, చెప్తున్నా."

ఒడ్డుకు రాగానే దర్శకుడికి ఫోన్ చేశాను. అతను అవతల ఈల వేశాడు. "దారి అదిరింది మేడం! స్టూడియో వద్దే వద్దు. మరి ముగింపు?"

"రేపు" అన్నాను. రేపు ఎలా వస్తుందో నాకే తెలియదు. ఒడ్డున వేయించి ఇచ్చిన చేపముక్కలు ప్లేటు నూటయాభై, వేడివేడిగా, ఉప్పూ కారం పసుపు తప్ప ఇంకేమీ లేకుండా. దిగులులో కూడా రెండు ప్లేట్లు తిన్నానని ఒప్పుకోవాలి.

నల్లమల: ఈదయ్య అడిగిన ప్రశ్న

నాలుగో రోజు మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాం. అక్కడి చెంచు పిల్లలకు చదువు చెప్పే రాములు సార్ మమ్మల్ని తనతో ఒక పెంటకు తీసుకెళ్లారు. పెంట అంటే చెంచుల చిన్న ఊరు, ఇరవై ఇళ్లుంటాయి. సార్ నన్ను "సినిమా కతలు రాస్తది" అని పరిచయం చేయగానే పిల్లలంతా చుట్టూ మూగారు. ఒక ఇంటి ముందు ఈదయ్య అనే ఆయన వెదురు చీలుస్తున్నాడు. కొండచరియల మీద తేనె తీయడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ను మించిన వాళ్లు లేరట. ఆయన భార్య లింగమ్మ పోయిన ఏటి తేనె ఆకులో వేసి ఇచ్చింది. మేం కొనే సీసా తేనెలా తీపి ఒక్కటే కాదు, కాస్త వగరు, కాస్త పొగ వాసన. ఆకు నాకేశాను.

కథ చెప్పమని సార్ అడిగారు. చెప్పాను. ఇంత మంచిగా ఎప్పుడూ చెప్పలేదు! కొండచిలువ దగ్గర ఒక పిల్ల "అట్ల పాకదు" అని నాకు పాకడం నేర్పింది. రాక్షసి దగ్గర చిన్నవాళ్లు చెవులు మూసుకున్నారు. తమ్ముడు నడుముకు తాడు కట్టుకున్నాడు, అక్క పట్టుకుంది...

వెదురు చీలుస్తున్న కత్తి ఆగింది. "జరాగు" అన్నాడు ఈదయ్య. "తాడు ఎవలు వట్టిన్రు?"

"అక్క. తోడబుట్టిన అక్క."

ఆయన నవ్వాడు. "తోడవుట్టినోళ్లకు తాడిస్తరా ఎక్కడనన్న?"

నాకు అర్థం కాలేదు. ఆయన కత్తి పక్కన పెట్టి చెప్పాడు. "నేను కొండ మీదికెంచి తాడేసుకొని తేనెపట్టుకాడికి దిగుత. కింద సూస్తె లోయ. పొగ వెడితె ఈగలు లేస్తయి. గప్పుడు నా పానం పైన తాడు వట్టినోని చేతుల ఉంటది. నాకు అన్న ఉండు, తమ్ముడు ఉండు. వాళ్లకియ్య. బామ్మర్దికే ఇస్త. మా తాతలకాంచి గంతే."

"బామ్మర్దికే ఎందుకు?"

జవాబు లింగమ్మ చెప్పింది. "తాడు వట్టేటోడు మా అన్న గద. తాడిడిస్తె నా బొట్టు వోతది. గందుకని ఆయన ఇడువడు."

"అన్నదమ్ములకు ప్రేమ ఉండదా?" అన్నాను, కాస్త రోషంగానే.

"శాన ఉంటది" అన్నాడు ఈదయ్య. "గని ఈగలు కమ్మినప్పుడు ఎంత ప్రేమున్నోడైన ఉరుకుతడు. ఇడువకుంట ఉండనీకె ఇంకో కారణం ఉండాలె. నీ కతల ఆ పిల్ల ఎందుకు ఇడువదు?"

"అక్క కాబట్టి..."

"అక్కయితె?"

ఇరవై ఏళ్లుగా మాటలు అమ్ముకుని బతికినదాన్ని, ఖాళీ ఆకును మళ్లీ నాకాను. అప్పుడు వెనక నుంచి కిశోర్ గొంతు వినిపించింది.

"విడిచిందండీ. మా అక్క తాడు విడిచిపెట్టింది."

నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లలంతా ఒక్కసారిగా నా వైపు నుంచి వాడివైపు తిరిగారు.

"ఎందుకురికినవ్?" ఒక పిల్ల నన్నే అడిగింది.

ఇన్నేళ్లు దర్శకుడికీ, స్నేహితులకూ, నాకు నేనూ చెప్పుకున్న అబద్ధం ఆ పిల్ల ముందు రాలేదు. నిజం చెప్పాను. తోట కాపలా మనిషి దగ్గు వినిపించింది. దొరికిపోతే తన్నులు తప్పవని భయమేసింది. చేతుల్లోని తాడు వదిలేసి ఇంటికి పరిగెత్తాను. "సాయం కోసం వెళ్లాను" అని తర్వాత అనుకున్నాను.

"సాయానికైతే తాడు చెట్టుకు కట్టి వెళ్లేదానివి" అన్నాడు కిశోర్. కోపంగా అనలేదు. "కింద మోకాలెత్తు ఆకులున్నాయి కాబట్టి దెబ్బ తగల్లేదు. సాయంత్రం కల్లుగీసే ఆయన వచ్చి పైకి తీశాడు."

"ఇంట్ల చెప్పినవా?" అంది లింగమ్మ.

"నేనే పడ్డానని చెప్పాను. లేకపోతే అక్కను చంపేసేవారు మా నాన్న."

లింగమ్మ నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూసింది. "అయితె తాడు నీ తమ్ముడే వట్టిండు గద" అంది.

అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాను. సిగ్గు పడలేదు. మా వాడు కంగారుపడి రుమాలు ఇచ్చాడు, అది కారు తుడిచే గుడ్డ. మొహమంతా గ్రీజు అయింది. పిల్లలు గొల్లున నవ్వారు.

"బాయిల ఏముండె?" అని ఇందాకటి పిల్ల కిశోర్‌ను అడిగింది.

నిజంగా చెప్తున్నాను, ముప్పై ఆరేళ్లలో ఆ ప్రశ్న నేను ఒక్కసారి కూడా వాణ్ణి అడగలేదు. బావి పైన నిలబడి ఒక లోకాన్ని కల్పించుకుని సినిమా రాసేశాను. లోపలికి వెళ్లినవాడు నా పక్కనే కారు నడుపుతున్నాడు!

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. గోడల్లోంచి వేళ్లు జడల్లా వేలాడుతున్నాయట. ఒక తాబేలు ఉందట. మొదట ఏడ్చాడట, ఏడిస్తే బావి కూడా ఏడ్చిందట, నవ్వితే అదీ నవ్విందట. దాంతో భయం పోయి బావికి ఎక్కాలు అప్పజెప్పాడట, అది చివరి అంకె మాత్రమే తిరిగి చెప్పేదట. మధ్యాహ్నం ఎండ నిలువునా దిగినప్పుడు గోడల నిండా చిలకపచ్చ నాచు మెరిసిందట, ఎగురుతున్న దుమ్ము బంగారంలా ఉందట. తాబేలుకు వాడు ఒక పేరు కూడా పెట్టాడు. "ఏం పేరు?" అని పదిమంది ఒకేసారి అరిచారు. నా పేరే పెట్టాడు. పిలిస్తే తల లోపలికి లాక్కునేదట!

పిల్లలు పడీపడీ నవ్వుతుంటే, నేను సంచిలోంచి కాగితాలు లాగి గబగబా రాసుకున్నాను. చెయ్యి ఆగలేదు. ఈదయ్య మళ్లీ వెదురు అందుకుంటూ "గిది కత" అన్నాడు.

తిరుగుదారి

నాగర్‌కర్నూల్ దాటుతుండగా ఫోన్ సిగ్నల్ వచ్చింది. స్పీకర్ పెట్టి దర్శకుడికి చెప్పాను. "అక్క తాడు వదిలేస్తుంది. ముగింపులో కాదు, మొదట్లోనే. పారిపోతుంది."

"అయ్యో! పిల్లల సినిమాలో అక్క పారిపోవడమేంటి మేడం?"

"పారిపోతుంది. తమ్ముడు కింద ఒక్కడే మిగులుతాడు. అసలు మాయాలోకం అప్పుడే మొదలవుతుంది. ఇంట్లో మాత్రం అక్క పేరు చెప్పడు."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"మేడం... ఇది ఇంకెవరూ రాయలేరు. మీరే రాయండి" అన్నాడు. గొంతు మారింది. వెంటనే మళ్లీ తొందర మనిషి అయిపోయాడు. "మరి అక్క తిరిగొస్తుందా?"

"వస్తుంది. అదే ముగింపు."

"ఎంతసేపటికి వస్తుంది? అది తేలాలి మేడం, మొత్తం నిడివి దాని మీదే ఉంది."

నేను చెప్పేలోపే కిశోర్ స్టీరింగు మీంచి ఫోను వైపు వంగాడు.

"మా అక్కకు ముప్పై ఆరేళ్లు పట్టిందండీ. సినిమాలో కాస్త త్వరగా రమ్మనండి."